మండువా యిండ్ల వయస్సు

కోనసీమలో పాత యింటి కాలమడిగినచో వచ్చు ప్రత్యుత్తరము సాధారణముగా నొకటే. "మా తాతగారి తాతగారు కట్టించినారండీ; రెండు వందల యేండ్లకు తక్కువ యుండదు" అని యింటివారు చెప్పుదురు. ఎదుటి యింటివారును అట్లే చెప్పుదురు. వారి మాటలో అసత్యము లేదు, లెక్కయే లేదు. చెప్పు పెద్దమనిషికి అరువది యేండ్లనుకొని, తరమునకు ఇరువదియైదేసి యేండ్ల చొప్పున వేసినను, ఆయన తాతగారి తాతగారు పుట్టి నూట అరువది యేండ్లు. ఆ పుట్టినవారు ముప్పదియవ యేట యిల్లు కట్టించినచో ఇంటి వయస్సు నూట ముప్పది. తక్కిన డెబ్బది యేండ్లును గౌరవార్థము చేర్చినవి.

ఇంటికి డెబ్బది యేండ్లు ఎక్కువైన నేమి, తక్కువైన నేమి యని కొందఱడుగవచ్చును. సఖినేటిపల్లి వంటి గ్రామమునకు ఆ డెబ్బది యేండ్లలోనే చరిత్రయంతయు నున్నది. ఈ గ్రామము వసిష్ఠ గోదావరి యొడ్డున, నరసాపురమునకెదురుగా, వసిష్ఠ వైనతేయల నడుమనున్న నగరము దీవిలోనిది. 1832-33 నాటి నందన సంవత్సరపు కరవు గుంటూరు సీమను నాశనము చేసి గోదావరి మండలమును గూడ పీడించినది. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది. ఆ దశాబ్దములోనే గన్నవరము అక్విడక్టు మీదుగా గోదావరి నీరు వైనతేయను దాటి ఈ దీవిలోని పొలములకు వచ్చినది. అంతకుముందు వానను నమ్ముకొని బ్రతికిన భూమి తరువాత కాలువను నమ్ముకొని బ్రతికినది. కావున ఒక మండువా యిల్లు కాలువకు ముందుదా, వెనుకదా యనునది వట్టి యేండ్ల లెక్క కాదు. ముందుదైనచో కరవు కాలమునను పెద్ద యిల్లు కట్టగలిగిన వారెవరో, ఆ ధనమెక్కడిదో విచారింపవలసి వచ్చును. వెనుకదైనచో అది వరిపంట కట్టిన యిల్లు. మా యూహలో నేడు నిలిచియున్న వానిలో పెక్కు వరిపంట కట్టినవే. అయినను ఊహ సాక్ష్యము కాదు గదా.

సాక్ష్యమేది? కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలివారును మనకు రాతిని, రాగిరేకును చదువుట నేర్పిరి. అంతకుముందు పుక్కిటి పురాణములతో తృప్తిపడిన మనవారు శాసనము చూపుమని యడుగుటకు అలవాటుపడిరి. కాని శాసనములు రాజులవి, దేవాలయములవి. గృహస్థుని యింటికి శాసనమెవ్వరు వేయింతురు? దస్తావేజులు భూమిని గూర్చి చెప్పును. నాలుగు హద్దులు చెప్పును. ఆ హద్దులలోని పెంకుటింటిని ఒక్క మాటతో దాటిపోవును. కొన్ని యిండ్ల ద్వారబంధముపై సంవత్సర నామము చెక్కించిన వాడుక కలదు. అదియు చిక్కు తీర్చునది కాదు, పెంచునది. ఏలయన మన సంవత్సరములు అరువదికొకసారి తిరిగి వచ్చును. గుమ్మముపై "నందన" యని యున్నదనుకొందము. అది 1772 నాటి నందనయా? 1832 నాటి కరవు నందనయా? 1892 నాటిదా? చెక్కించిన గృహస్థునకు ఆ సందేహము లేదు. ఆతడు తన కాలపు నందన నెఱుగును. మనకు మాత్రము మూడు నందనలును ఒక్క రీతిగానే కనబడుచున్నవి.

ఇట్టి చోట గుమ్మముపై చెక్కిన యక్షరము చెప్పలేని దానిని గుమ్మపు కొయ్య చెప్పగలదు.

మండువా యింటిలో కప్పు బరువును చాలవఱకు కొయ్యయే మోయును. మండువ చుట్టును నిలిచిన స్తంభములు, వానిపై దూలములు, దూలములపై లోనికి వాలిన వాసములు, ఆపైని పెంకులు. గోడ పనికి తోడు మాత్రమే. కలిగినవారి యిండ్లలో ఈ కొయ్య టేకు. కోనసీమలో టేకు అడవి లేదు. అది ఎగువనుండి, భద్రాచలమునకు పైనున్న యడవులనుండి, తెప్పలుగా కట్టబడి, పాపికొండల నడుమనుండి రాజమహేంద్రవరమునకు, అచ్చటినుండి పాయల వెంట క్రిందికి దిగి వచ్చినది. ఈ దారి ఇంగ్లీషువారికంటె పాతది. పదునేడవ శతాబ్దిలోనే నరసాపురము ఓడల నిర్మాణమునకు పేరు వడసినది. ఆ ప్రక్కనున్న మాధవాయపాలెమున ఇంగ్లీషువారి వర్తకశాల యుండెను. ఆ పేరునే వారు మాదాపొల్లమని పలికి ఒక విధమగు నూలుబట్టకు గూడ తగిలించిరి. కలప దొరకని చోట ఓడలు కట్టరు. సఖినేటిపల్లి రేవునకు ఆవలి యొడ్డున ఓడలకు పోయిన టేకుకును, ఈవలి యొడ్డున స్తంభములైన టేకుకును పుట్టిల్లు ఒక్కటే. దీనిలోని ఏటి వలయములు సంవత్సరమునకు సంబంధించినవే యైనను, ఏటివెంట వచ్చిన కొయ్య గనుక ఆ మాట రెండు విధముల చెల్లుచున్నది.

చెట్టు ఏడాదికొక వలయము చొప్పున లావగునని యెల్లరెఱిగినదే. వలయములను లెక్కించినచో చెట్టెన్ని యేండ్లు బ్రదికెనో తెలియును. ఎప్పుడు బ్రదికెనో తెలియదు. ఈ రెండవదానిని తెలిసికొను ఉపాయము వేఱు. మంచి వాన కురిసిన యేట వలయము వెడల్పు, ఎండిన యేట సన్నము. ఒకే ప్రాంతపు చెట్లన్నియు ఒకే వానను త్రాగి, ఒకే కరవును అనుభవించును గనుక వాని వలయముల వెడల్పు సన్నముల వరుస ఒకదానితో నొకటి సరిపోవును. రెండు వెడల్పు, ఒకటి సన్నము, నాలుగు మధ్యమము, మరల మూడు సన్నము — ఇట్టి వరుస పది యేండ్లలో నెక్కడైన తటస్థింపవచ్చును; ఎనుబది నూఱేండ్ల పొడవున అదే వరుస రెండుమాఱులు వచ్చుట యరిది. నేడు బ్రదికియున్న ముసలి చెట్టునుండి సన్నని బోలు బరమాతో పుల్లవంటి ముక్కను తీసినచో దాని వెలుపలి వలయము ఈ యేటిది. దాని లోపలి వరుసతో పాత దూలపు వెలుపలి వరుస కలిసినచో ఆ దూలము ఏ యేటినుండి ఏ యేటివఱకు చెట్టుగా నుండెనో తేలును. ఆ దూలమునకు ముందుదాన్ని, దానికి ముందుదాన్ని అట్లే అతుకుకొనుచు పోవచ్చును. కొలత మిల్లిమీటరులో నూఱవ వంతు వఱకును జరుగును. పాత కొయ్యకు రేడియో కార్బను పరీక్ష చాలదా యని చదువరులకు తోచును. 1650 మొదలు 1950 వఱకు గల కాలమున ఆ పరీక్ష ఒక్క కొయ్యకు రెండు మూడు వయస్సులు చెప్పును. మన యిండ్లు సరిగా ఆ కాలమునకే చెందినవి.

ఈ విద్యకు ఆద్యుడు చరిత్రకారుడు కాడు, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. అమెరికా దేశస్థుడగు డగ్లసు సూర్యబింబముపై మచ్చలు పదునొకొండేండ్లకొకసారి హెచ్చుట చెట్ల పెరుగుదలలో కనబడునాయని వెదకబోయి, ఇండ్ల వయస్సు కనుగొను మార్గమును తెరచెను. అరిజోనా ప్రాంతపు ఆదిమ జాతుల శిథిల గృహములలోని దూలములు ఒకదానితో నొకటి కలిసినవి. కాని ఆ గొలుసు కొస బ్రదికియున్న చెట్లవఱకు అందలేదు. ఏ యిల్లు ముందుదో ఏది వెనుకదో తెలిసినది. ఏ యేటిదో తెలియలేదు. 1929 జూను 22వ తేదిని షోలో యను పల్లెలో సగము కాలిన దుంగ యొకటి దొరకినది. దాని లోపలి వలయము 1237వ సంవత్సరమునది, వెలుపలిది 1380వ సంవత్సరమునది. రెండు గొలుసులును దానితో అతికినవి. అంతవఱకు కాలము తెలియని పెక్కు శిథిలములకు ఆ రాత్రియే సంవత్సరములు దొరకినవి. కాలిన దుంగ యనుట గమనింపదగినది. కొయ్య బొగ్గైనచో పుచ్చదు, చెదలు పట్టదు, వలయములు చెడవు.

ఈ మాట చెప్పినప్పుడు మాకు అంతర్వేది రథము తలపునకు వచ్చుచున్నది. అంతర్వేది సఖినేటిపల్లి మండలములోనిదే. 2020 సెప్టెంబరు 5, 6 తేదీల నడిమి రాత్రి లక్ష్మీనరసింహస్వామివారి రథము షెడ్డులోనే కాలిపోయినది. 2021 ఫిబ్రవరిలో స్వామికి క్రొత్త రథము సమకూరినది. భక్తుల దుఃఖము తీరినది. పాత రథమునకు అరువది యేండ్లని పత్రికలు వ్రాసినవి. ఆ యరువది రథము వయస్సు. దానికై కొట్టిన మ్రానుల వయస్సు వేఱు. పెద్ద రథమునకు లేతకొయ్య పనికిరాదు. నూఱేండ్ల మ్రాను దానిలో నున్నచో, నేడు బ్రదికియున్న చెట్లకును వరిపంట కాలపు దూలములకును నడుమ వంతెన కాదగిన కొయ్య యది. మన దేశమున బొగ్గును ఊడ్చివేయుదుము. షోలోలో దానిని జాగ్రత్తగా దాచిరి.

శీతదేశముల చెట్లకు చెల్లినది మన చెట్లకు చెల్లునా యను సంశయము శాస్త్రజ్ఞులలోనే చిరకాలముండెను. ఉష్ణదేశపు చెట్లలో చాలవానికి ఏడాది వలయము స్పష్టముగా నుండదు. టేకు అట్టిది కాదు. అది వేసవిలో ఆకు రాల్చి మోడై నిలుచును. తొలకరితో చిగిర్చి, పెద్ద రంధ్రములు గల కొయ్యను ముందుగా పెట్టును. వానలు వెనుదీసిన కొలది దట్టమగును. రెంటి నడుమ గీత కంటికి కనబడును. ఇంకొక వింత కలదు. మన యుగాది టేకు మోడైయున్న దినములలో వచ్చును. కావున టేకు యొక్క ఒక్కొక్క వలయము మన పంచాంగపు ఒక్కొక్క సంవత్సరములో చక్కగా ఇమిడిపోవును. జనవరితో సంవత్సరము మార్చువారికంటె ఈ విషయమున చెట్టునకు మనమే దగ్గఱ.

జావాలోని టేకు వలయములను వానలతో పోల్చి బెర్లాగె యను డచ్చి శాస్త్రజ్ఞుడు 1931లోనే గ్రంథము ప్రకటించెను. అతని వరుస 1514 నాటికి పోయినది. మన దేశమున పూనాలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థవారు కేరళపు టేకు చెట్లనుండి 1481 మొదలు 2003 వఱకు 523 యేండ్ల వరుసను కూర్చి 2010లో ప్రకటించిరి. పసిఫికు సముద్రము వేడెక్కి మన వానలు తప్పిన యేండ్లలో ఆ చెట్ల వలయములు సన్నగిల్లినవని వారు చూపిరి. 1946లో స్థాపితమై బీర్బల్ సాహ్నీగారి పేర లక్నోలో నడచుచున్న సంస్థలోను ఈ పని సాగుచున్నది. బర్మా టేకునకును మూడు శతాబ్దములకు మించిన వరుస యున్నది. వీరందఱు వెదకినది వానలను, ఇండ్లను కాదు. కాని వాన లెక్కకు కూర్చిన వరుసయే ఇంటి లెక్కకు కొలబద్ద. ధాత కరవని మన ముసలివారు చెప్పు 1876-78 నాటి మహా క్షామము వంటి యేండ్లు కొయ్యపై గుర్తు వదలకుండ పోవు.

టేకునకు కల్లలాడు గుణమును కొంత కలదు. వానల నడుమ పెద్ద యెడము వచ్చినప్పుడును, పురుగు పట్టి ఆకంతయు తినివేసి చెట్టు మరల చిగిర్చినప్పుడును, ఒక్క యేట రెండు వలయములు కనబడవచ్చును. మిక్కిలి యెండిన యేట ఒక వైపున వలయమే పడకపోవచ్చును. అందుచేతనే ఒక్క దూలము నెదుట గూర్చుండి వ్రేళ్లు మడచి లెక్కించుట పనికిరాదు. పది కొయ్యలను పోల్చినప్పుడు కల్ల బయటపడును.

ఇప్పుడు నందన గుమ్మమునకు తిరిగి వత్తము. ఆ ద్వారబంధపు కొయ్యలో మిగిలిన కడపటి వలయము 1851వ యేటిదని తేలినదనుకొందము. 1832లో కట్టిన యింటికి 1851 వఱకు బ్రదికిన చెట్టు గుమ్మము కాజాలదు. ఆ యిల్లు 1892 నాటిది. మిగిలిన వలయము 1815వ యేటిదైనచో? వడ్రంగి చెట్టు వెలుపలి తెల్లకొయ్యను చెక్కివేసి చేవను మాత్రమే నిలుపును. ఆ తెల్లకొయ్యతో కొన్ని వలయములు పోవును. టేకులో ఆ భాగము పలుచన. అది పది పదునైదేండ్లు కావచ్చును, డెబ్బదియేడేండ్లగుట దుర్లభము. కావున అది 1832 వైపే మొగ్గును. చెట్టు ఒక్కటియే సరియైన సంవత్సరము చెప్పలేదు. గుమ్మముపై నామము ఒక్కటియే శతాబ్దము చెప్పలేదు. రెండును కలిసినచో సందేహము తీరును. ఇట్టి సదుపాయము ఇంగ్లాండువారికి లేదు. వారి కొయ్యచట్రపు ఇండ్లకు ఓకు చెట్టు మీదనే ఆధారము. అమెరికాలోని డెడ్‌హాము గ్రామమున ఫేర్‌బాంక్సు వారి యిల్లు 1637-41 నడుమ కట్టినదని కొయ్యయే చెప్పినది. అంతటి గొప్ప పరిశోధనకును అది నాలుగైదేండ్ల యెడము. మనకు ఉగాదినుండి ఉగాదివఱకు.

1832 అని తేలినచో ఆ యింటివారు గర్వింపవలయునో తలవంచుకొనవలయునో మేము చెప్పజాలము. జనులు ఆకలితో చచ్చు నేట ఒక గృహస్థు మండువా యిల్లు కట్టించుచున్నాడు. కూలి యిచ్చి వందమందిని బ్రదికించెనో, గింజలకే పని చేయించుకొనెనో కొయ్య చెప్పదు. ఆ ప్రశ్న అడుగుటకు మాత్రము కొయ్య మనకు హక్కునిచ్చును.

కొయ్య చెప్పునది చెట్టు కొట్టిన కాలము. ఇల్లు కట్టిన కాలము కాదు. ఈ భేదమును మఱచినచో అనర్థము. జపానులోని హోర్యూజీ బౌద్ధాలయపు అయిదంతస్తుల గోపుర మధ్యస్తంభమును పరీక్షింపగా ఆ చెట్టును 594వ సంవత్సరమున కొట్టినట్లు తేలినది. ఆ యాలయము 670లో దగ్ధమైనదని వారి చరిత్ర చెప్పుచున్నది. గోపురము అటు పిమ్మటిదే యైనచో నూఱేండ్ల పాత కొయ్య దానిలోనికెట్లు వచ్చెనని అచ్చటి పండితులు తర్కించిరి. మనకు ఇది వింత కాదు. పాత యింటి దూలము క్రొత్త యింటికెక్కుట, అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు స్తంభములు కూడ పంపకమునకు వచ్చుట, అమ్మకమైన యింటి తలుపులు పొరుగూరికి పోవుట మన పల్లెలలో నిత్యవ్యవహారము. అందుచేత ఒక్క స్తంభమును నమ్మరాదు. మండువలోని నాలుగు స్తంభములు, రెండు దూలములు, ఒక ద్వారబంధము ఒకే కాలము చెప్పినచో అది యింటి కాలము. ఒక్కటి వేఱుగా చెప్పినచో అది యత్తవారింటినుండి వచ్చినదని తెలిసికొనవలయును. "మాది బర్మా టేకు" అని చెప్పుకొను గొప్పయు ఇట్లే తేలును. గోదావరి యెగువ వానలు వేఱు, బర్మా వానలు వేఱు. రంగూను పోయి ధనము తెచ్చినవారి యిండ్లలో బర్మా కొయ్య యుండుట సంభవమే. అందఱి యిండ్లలో నుండుట సంభవము కాదు.

ఇంతవఱకు మేము చెప్పినదంతయు కలిగినవారి చరిత్ర. కోనసీమకు ప్రాణమైన కొబ్బరిచెట్టును అడ్డముగా కోసి చూడుడు, వలయము లేదు. తాటిచెట్టునకును లేదు. ఆ జాతి చెట్లు ఏటేట చుట్టు పెరుగునవి కావు. తాటి దూలము, తాటి వాసము, తాటాకు కప్పుతో బ్రదికిన కూలివాని యింటికి, అగ్రహారమునకు వెలుపల నుంచబడిన వారి గుడిసెకు, ఈ శాస్త్రమేమియు చెప్పజాలదు. 1996 నవంబరు 6వ తేదిని వచ్చిన తుపాను వంటిదొకటి ఆ యిండ్లను ఒక్క రాత్రిలో తుడిచివేయును. కట్టిన కాలము గాని పోయిన కాలము గాని కొయ్యపై మిగులదు. వారి చరిత్రకు నోటిమాటయే ఆధారము. కాబట్టి టేకు స్తంభము నెదుట వినయముతో నిలుచు పరిశోధకుడు నోటిమాటను హేళన చేయరాదు. మేమీ వ్యాసారంభమున తాతగారి లెక్కను సరిచేసితిమి గాని తాతగారి మాటను త్రోసివేయలేదు.

నేడు మండువా యిండ్లు త్వరితముగా పోవుచున్నవి. కారణములు మేమెఱుగుదుము. పిల్లలు పట్టణములలోను విదేశములలోను నున్నారు. పెంకులు నేయించుటకు పనివారు దొరకరు. చెదలు, వాననీరు, పంపకములు. ముసలి దంపతులు అంత యింటిని ఊడ్చుకొనలేరు. కూలగొట్టువారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ మండువ చుట్టును చీకటి వంటిండ్లలో పొగ త్రాగి కండ్లు పోగొట్టుకొన్న ఆడువారు క్రొత్త యింటిని కోరుట న్యాయము. కాని యిల్లు పడిన దినమున జరుగు పని చూడుడు. నగిషీ స్తంభములను వర్తకుడు కొనిపోవును. అవి ఏ పట్టణమున ఏ హోటలు వసారాలో నిలుచునో తెలియదు. వానికి ఊరు పేరు పోవును. పుచ్చిన కొనలు, చిన్న తుండ్లు వంటచెఱకగును. వర్తకుడు కొనినది సౌందర్యము. పొయ్యిలో పోయినది చరిత్ర.

ఆ తుండ్లను పొయ్యినుండి తప్పించుటకు ధనమక్కఱలేదు. ఇల్లు విప్పునప్పుడు ప్రతి పెద్ద కొయ్య కొననుండి రెండంగుళముల మందము గల బిళ్లనొకదానిని అడ్డముగా కోయించి, అది ఏ గదిలోని ఏ దూలమో, ఏ దిక్కు స్తంభమో సుద్దతో గాక సిరాతో వ్రాసి, పొడిచోట నుంచవలయును. నూనె పూయరాదు, నునుపు చేయింపరాదు. నిలిచియున్న యింటిలో ఎవ్వరును తమంతట తాము బరమా పట్టరాదు; అది తెలిసినవారి పని. బిళ్లతో పాటు ఒక కాగితముపై ఇంటివారి మాటను వ్రాసి పెట్టవలయును. ఆ మాటకై పెద్దకొడుకునే గాక ఆ యింటి యాడుపడుచులను గూడ అడుగవలయును. ఏ గది ఎవరి పెండ్లికి చేర్చిరో, ఏ వరదకు ఏ గోడ పడెనో వారికి తెలిసినట్లు దస్తావేజు దాచిన వారికి తెలియదు.

బిళ్ల కోయించు చోటును ఎన్నుకొనుటలో కొంత చూపు కావలయును. మండువలోనికి కనబడు ముఖమును వడ్రంగి చిత్రిక పట్టి, నగిషీ చెక్కి, చేవవఱకు దింపియుండును. అచ్చట కడపటి వలయములు దొరకవు. గోడలోనికి చొచ్చిన దూలపు కొన, అటకమీద పెంకుల క్రిందనున్న వాసపు వెన్ను, స్తంభము పైభాగమున దూలము క్రింద దాగిన మూల — ఇట్టి చోట్ల ఆతడు శ్రమపడలేదు. అచ్చట బాడిస దెబ్బల నడుమ తెల్లకొయ్య అంచు, ఒక్కొక్కప్పుడు బెరడు విడిచిన గుండ్రని మేను అట్లే మిగిలియుండును. ఆ మేను కనబడిన చోట, తెప్ప కట్టుటకు ముందు చెట్టు చూచిన కడపటి తొలకరి ఏదో తెలియును.